దీపం ఆర్పాక ఏమవుతుంది?

అడిగితే చెబుతా: పాఠకుల ప్రశ్నలు, ఫిజిక్స్ మేడమ్ జవాబులు

పోయిన నెల ఈ పేజీలో అతినీలలోహిత కిరణాల గురించి, వాటిని పసిగట్టే సెన్సర్లలోకి నానో పదార్థాలు వస్తున్న సంగతి గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట: నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతూ, నలభై ఒకటో ఏట పీహెచ్‌డీలో చేరి, జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలతో సెన్సర్ చేయబోయి అయిదేళ్ళు తంటాలు పడ్డ మనిషిని. కాబట్టి ఇక్కడ కొంత పుస్తకాల్లోది, కొంత చేతులు కాల్చుకున్నది. అతినీలలోహితం అని ప్రతిసారీ రాస్తే నాకు చెయ్యి నొప్పి, మీకు నోరు నొప్పి. యూవీ అంటాను.

ప్ర: మేడమ్, మా నీళ్ళ ఫిల్టర్లో యూవీ దీపం ఉంది. ఏడాది తిరిగేసరికి కంపెనీ కుర్రాడొచ్చి మార్చాలంటాడు. అది నిక్షేపంగా నీలంగా వెలుగుతూనే ఉంది. వెలిగే దీపాన్ని ఎందుకు పారెయ్యాలి? డబ్బులు లాగడానికేనా?
ఒక గృహిణి, తెనాలి

జ: డబ్బులు లాగేవాళ్ళు లేరని నేను అననమ్మా. కానీ ఈ విషయంలో ఆ కుర్రాడి మాటలో నిజం ఉంది. మీకు కనిపించే నీలం వెలుగు నీళ్ళని శుద్ధి చేసేది కాదు. ఆ గొట్టంలో ఉన్నది పాదరసం ఆవిరి. సూక్ష్మక్రిముల డీఎన్ఏని పాడుచేసే కిరణం 254 నానోమీటర్ల దగ్గర వస్తుంది, అది కంటికి ఆనదు. నానోమీటరంటే మీటరులో వంద కోట్ల వంతు, వెలుగు అల పొడవుని దాంతో కొలుస్తారు. దాంతోపాటు 405, 436 దగ్గర కాస్త ఊదా, కాస్త నీలం వెలుగు వస్తుంది. మీరు చూసేది దాన్ని. గొట్టం పాతబడేకొద్దీ దాని గాజు ఆ 254ని మింగడం మొదలుపెడుతుంది, నీలాన్ని మాత్రం వదిలేస్తుంది. చుట్టూ ఉండే క్వార్ట్జ్ తొడుగు మీద ఉప్పు పొర పేరుకున్నా అదే గతి. అంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, పని ఆగిపోతుంది.

ఇలాంటి దీపాల ఆయుష్షు మామూలుగా 8,000 నుంచి 9,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు. రాత్రింబవళ్ళు వెలిగే దీపమైతే ఏడాది లెక్క సరిగ్గా సరిపోతుంది. మీది మోటారు తిరిగినప్పుడే వెలిగే రకమైతే అన్ని గంటలు కావు. ఆ కుర్రాడు ఈసారి వచ్చినప్పుడు “ఎన్ని నెలలైంది” అని కాకుండా “ఎన్ని గంటలు వెలిగింది” అని అడగండి. మీ మెషీన్ ఆ లెక్క చూపిస్తుందేమో కూడా అడగండి.

అసలు ఈ గొడవ లేకుండా, 254 వస్తోందా లేదా అని చూసి చెప్పే కన్ను ఒకటి పెట్టొచ్చు కదా అంటారా? పెట్టొచ్చు. ఊరంతటికీ నీళ్ళు శుద్ధి చేసే పెద్ద యూవీ ప్లాంట్లలో పెడతారు కూడా. ఇళ్ళల్లోని మెషీన్లు చాలావరకు దీపంలో కరెంటు పారుతోందా లేదా అన్నదే చూస్తాయి. ఎందుకంటే యూవీని మాత్రమే చూసే కన్ను మామూలు వెలుగు సెన్సరంత చవగ్గా దొరకదు. అన్నిటికన్నా చవకైనది సిలికాన్. మన ఫోన్ కెమెరాల్లో ఉండేది అదే. దాని తంటా ఏమిటంటే అది అన్నీ చూస్తుంది.

దీనికో చిన్న లెక్కుంది. సిలికాన్ లాంటి ప్రతి సెమీకండక్టర్‌కీ బ్యాండ్ గ్యాప్ అని ఒక గడప ఉంటుంది, లోపలి ఎలక్ట్రాన్‌ని ఆ గడప దాటించేంత శక్తి ఉన్న వెలుగునే అది చూస్తుంది. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. 1240ని ఆ అంకెతో భాగిస్తే, ఎన్ని నానోమీటర్ల దాకా ఆ పదార్థం వెలుగుని చూడగలదో వస్తుంది. సిలికాన్ గడప 1.12. భాగించండి, 1,100 పైచిలుకు వస్తుంది. అంటే యూవీ, ఏడు రంగులు, వాటికి అవతల వేడి కిరణాల్లో కొంత భాగం, అన్నీ. ఏది యూవీయో, ఏది మీ వంటింటి ట్యూబులైటో దానికి తేడా తెలీదు. పైన ఫిల్టర్ పెట్టాలి. అదే సిలికాన్ కార్బైడ్ గడప 3.26. అంటే 380 దాటితే దానికి లోకం చీకటే. జింక్ ఆక్సైడ్ గడప 3.37, అంటే 368. పెద్ద ప్లాంట్లలో ఈ సిలికాన్ కార్బైడ్ కళ్ళు వాడతారు. జింక్ ఆక్సైడ్ కథ కిందకి వెళ్తే ఉంది.

ప్ర: మేడమ్, నేను కరెంటు లైన్‌మన్‌ని. పట్టపగలు, మంచి ఎండలో ఒక కెమెరా తెచ్చి సబ్‌స్టేషన్ ఇన్సులేటర్లు చూపించారు. ఉత్త కంటికి ఏమీ లేదు. కెమెరా తెర మీద మాత్రం ఒక ఇన్సులేటర్ చుట్టూ తెల్లటి మచ్చలు కదులుతున్నాయి. అది కరోనా డిశ్చార్జి అన్నారు. మరి అంత ఎండలో అది ఎలా కనబడింది?
ఒక లైన్‌మన్, కొత్తగూడెం

జ: నాకు వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చినది ఇదే. జవాబు కొంచెం తిరకాసుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

వోల్టేజి ఎక్కువై తీగ చుట్టూ గాలి చిట్లడాన్నే కరోనా అంటారు, అప్పుడు గాలిలోని నైట్రోజన్ యూవీని వెదజల్లుతుంది. అందులో ఎక్కువ భాగం 300 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉంటుంది. మరి ఆ ఎక్కువ భాగాన్నే చూడొచ్చు కదా? కుదరదు, అక్కడ సూర్యుడు హోరెత్తిస్తుంటాడు. సంతలో నిలబడి పక్కవాడి గుసగుస వినడం లాంటిది. అయితే 240 నుంచి 280 మధ్య కూడా కరోనా చాలా కొద్దిగా వెలుగుతుంది. ఆ పట్టీలో సూర్యుడి గొంతు మనదాకా రాదు. పైనున్న ఓజోన్ పొర దాన్ని మొత్తం మింగేస్తుంది. కాబట్టి కెమెరా బలమైన వెలుగుని వదిలేసి, బలహీనమైన ఆ కాస్త వెలుగునే చూస్తుంది. ఎందుకంటే అక్కడ ఎండ లేదు. మిట్టమధ్యాహ్నమైనా ఆ పట్టీలో అమావాస్య అర్ధరాత్రే.

ఇలాంటి కన్నుని ఇంగ్లీషులో ‘సోలార్ బ్లైండ్’ అంటారు, ఎండ కనపడని కన్ను. ఇప్పటి కెమెరాల్లో ప్రత్యేకమైన ఫిల్టర్లు, ఖరీదైన గొట్టాలు ఉంటాయి. మీ ఆఫీసులో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారంటే అందుకే. గాలియం ఆక్సైడ్ అనే పదార్థానికి గడప 4.8 దగ్గర ఉంది. 1240ని 4.8తో భాగిస్తే 258. అంటే దానికి పుట్టుకతోనే ఎండ కనపడదు, ఫిల్టర్ అక్కర్లేదు. దీన్ని నానోతీగలుగా, పలచటి పొరలుగా పెంచి డిటెక్టర్లు చెయ్యాలని చాలా దేశాల ప్రయోగశాలలు పట్టుదలగా ఉన్నాయి. హైడ్రోజన్ మంట పగటిపూట దాదాపు కంటికి కనపడదు. ఆ గ్యాస్ వాడే చోట మంట పుట్టిందా లేదా చెప్పడానికి కూడా ఇదే తరహా కన్ను కావాలి.

ప్ర: నమస్కారం మేడమ్. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలు పెంచి యూవీ డిటెక్టర్ చేశాను. 365 ఎల్ఈడీ వెయ్యగానే కరెంటు బాగా పెరుగుతోంది. ఆర్పాక మాత్రం దిగడం లేదు. అరగంటైనా సగానికి పైనే ఉంటోంది. మా సార్ కాంటాక్టులు, అంటే శాంపిల్‌కి తీగలు తగిలించే చోట్లు, సరిగ్గా పెట్టలేదంటున్నారు. మూడుసార్లు మళ్ళీ పెట్టాను, అంతే. వైవా దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం తప్పు చేశాను?
ఒక విద్యార్థిని, వరంగల్

జ: తప్పేమీ చెయ్యలేదు తల్లీ. నీ శాంపిల్ బాగానే పనిచేస్తోంది. నీ ఉత్తరం చదువుతుంటే నాకు నా పాత రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం సిగ్గేసింది కూడా. ఎందుకో చెబుతాను.

మా ల్యాబ్‌లో సరైన ఓవెన్ లేదు. బోటనీ వాళ్ళు ఆకులు ఆరబెట్టుకునే ఓవెన్‌ని సాయంత్రం అయిదింటికి అరువు తెచ్చుకుని, పొద్దున్నే వాళ్ళు వచ్చేలోగా ఇచ్చేసేదాన్ని. జింక్ నైట్రేట్, హెక్సమిన్ సమపాళ్ళలో నీళ్ళలో కలిపి, మూత బిగించిన గాజు సీసాలో పోసి, కడ్డీలు మొలవడానికి ముందే పలచటి విత్తన పొర వేసిన గాజుపలకని అందులో బోర్లా వేలాడదీసి, 90 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేసేదాన్ని. బోర్లా ఎందుకో నీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం: వెల్లకిలా పెడితే ద్రావణంలో పేరుకున్న తెల్లటి మడ్డి దాని మీద పడి కడ్డీల్ని కప్పేస్తుంది. తెల్లారి తీసి కడిగితే గాజు మీద చలికాలం కిటికీకి మంచు పట్టినట్టు ఒక పొర. మైక్రోస్కోపు కింద చూస్తే వరి నారుమడి. ఒక్కొక్క మొక్క 80, 100 నానోమీటర్ల లావు. ఆ మొదటి బొమ్మ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. మా అత్తగారు చాలాకాలం అది తివాచీ ఫోటో అనుకున్నారు.

చీకట్లో కరెంటు 20 నానోఆంపియర్లు. దీపం వెయ్యగానే ఎక్కడం మొదలుపెట్టి, నిమిషంలో 6 మైక్రోఆంపియర్లు దాటింది. మూడు వందల రెట్లు! ఎగిరి గంతేశాను. దీపం ఆర్పాను. దిగదే. మీటరు పాడైందనుకుని ఇంకో మీటరు తెచ్చాను. క్లిప్పులు మార్చాను. క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగి వచ్చాను. ఇంకా దిగుతూనే ఉంది, నత్తలాగా. మర్నాడు కూడా 20కి రాలేదు. ఇక అప్పుడు చేసిన పని చెబుతాను: పేపరు రాసేటప్పుడు గ్రాఫులో ఆ దిగే భాగాన్ని కత్తిరించేశాను. ఎక్కే భాగం మాత్రమే పెట్టి పంపాను. పేపరుని పరిశీలించే రిఫరీ నుంచి ఒకే ఒక్క వాక్యం తిరిగొచ్చింది: “దీపం ఆర్పాక ఏమవుతుంది?” నా తర్వాతి మూడేళ్ళూ ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే గడిచాయి.

జరిగేది ఇది. జింక్ ఆక్సైడ్ మీద గాలిలోని ఆక్సిజన్ వచ్చి వాలుతుంది. ఊరికే వాలదు, లోపలి నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాక్కుని, దాన్ని గట్టిగా పట్టుకుని పైన కూర్చుంటుంది. అలా ఎలక్ట్రాన్లు పోవడంతో ఉపరితలం నుంచి పదుల నానోమీటర్ల లోతు దాకా కరెంటు మోసేవాళ్ళు ఉండరు. మామూలు దిమ్మ అయితే పైన కొంచెం పొర పోయినా లోపల బోలెడంత మిగులుతుంది. నీ కడ్డీ మొత్తం లావే వంద నానోమీటర్లు. పైనుంచి కిందిదాకా అంతా ఖాళీ. అందుకే చీకట్లో అంత తక్కువ కరెంటు. ఇక యూవీ పడితే ఎలక్ట్రాన్, హోల్ జంటలు పుడతాయి. హోల్ అంటే ఎలక్ట్రాన్ లేచిపోయిన చోట మిగిలే ఖాళీ. హోల్ పైకి పోయి, అక్కడ కూర్చున్న ఆక్సిజన్‌తో లెక్క తేల్చుకుంటుంది, ఆక్సిజన్ లేచిపోతుంది. జంటలోని ఎలక్ట్రాన్ లోపల ఒంటరిగా మిగిలిపోతుంది. దానితో కలిసి మాయమవడానికి హోల్ లేదు కదా. ఇక అది కరెంటు మోస్తూనే ఉంటుంది. దీపం ఆర్పినా మోస్తుంది. గాలిలో నుంచి మళ్ళీ ఆక్సిజన్ వచ్చి వాలి దాన్ని పట్టుకునే దాకా మోస్తుంది. ఆ రావడం, వాలడం నిదానంగా సాగే వ్యవహారం. స్ఫటికంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఖాళీలుంటే అవి కూడా ఈ ఆలస్యానికి తోడవుతాయి.

నానో అంటే ఎందుకంత మోజు అన్నదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. ఒక సెంటీమీటరు ఘనం తీసుకో, పాచిక లాంటిది. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే పది నానోమీటర్ల ముక్కలుగా తరిగితే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు. మన భాషలో దాదాపు 718 గజాల ప్లాటు. పదార్థం అంతే, ఆక్సిజన్ వాలే చోటు మాత్రం అంత. 2002లో బర్కిలీలో పెయ్‌డాంగ్ యాంగ్ బృందం ఒక్కొక్క జింక్ ఆక్సైడ్ నానోతీగ మీద 365 వెలుగు వేసి చూస్తే, వాహకత పది వేల నుంచి పది లక్షల రెట్లు పెరిగింది. 2007లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటి తీగల్లోనే పది కోట్ల రెట్ల దాకా గెయిన్ చూపించారు. ఒక్క ఫోటాన్ వచ్చినందుకు అన్ని ఎలక్ట్రాన్లు సర్క్యూట్లో తిరగడం అన్నమాట.

ఒక్క ఫోటాన్‌కి అన్ని ఎలక్ట్రాన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు టీకి వెళ్ళాడనుకో. వాడు తిరిగొచ్చేదాకా జనం లోపలికి పోతూనే ఉంటారు. ఎంతమంది పోతారు? వాడు చేసిన ఆలస్యాన్ని, ఒక మనిషి గేటు దాటే సమయంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. గెయిన్ అంటే అచ్చంగా అదే భాగహారం: పైన ఎలక్ట్రాన్ బతికుండే కాలం, కింద అది ఒక కొస నుంచి ఇంకో కొసకి చేరే కాలం. ఇప్పుడు నీ సమస్య చూడు. పైనున్న కాలం పెరిగితే గెయిన్ పెరుగుతుంది, దిగడం ఆలస్యమవుతుంది. రెండూ వేరువేరు విషయాలు కావు. నువ్వు మొదటి పేజీలో గొప్పగా చెప్పుకునే అంకె, చివరి పేజీలో దాచుకునే అంకె ఒకే నాణేనికి రెండు వైపులు. అందుకే “మా నానో డిటెక్టర్ వెయ్యి రెట్లు మెరుగు” అన్న మాట ఎక్కడ కనబడినా నేను ముందు వెతికేది ఆర్పాక ఎంతసేపటికి దిగింది అని. అది రాయకపోతే ఆ వెయ్యిని నేను నమ్మను. రాయనివాళ్ళల్లో ఒకప్పుడు నేనూ ఉన్నాను కాబట్టి.

వైవాకి పనికొచ్చే మాటలు. రెస్పాన్సివిటీ లెక్క కట్టు, అంటే ఒక వాట్ వెలుగుకి ఎన్ని ఆంపియర్లు. పడిన ప్రతి ఫోటాన్ ఒక్క ఎలక్ట్రాన్‌నే ఇస్తే 365 దగ్గర అది 0.294 దాటదు, 365ని 1240తో భాగించి చూసుకో. నీకు అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే గెయిన్ ఉందని అర్థం, కాబట్టి ఆలస్యం కూడా ఉండి తీరాలి. మీ సార్‌కి ఈ ఒక్క లెక్క చూపించు, కాంటాక్టుల మాట వదిలేస్తారు. కొలతకి ముందు శాంపిల్‌ని నల్లటి పెట్టెలో, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి, రాత్రంతా చీకట్లో ఉంచు. నువ్వు డార్క్ కరెంట్, అంటే చీకట్లో పారే కరెంటు, అనుకుంటున్నది నిన్నటి వెలుగు తాలూకు అప్పు కావచ్చు. ఆ రోజు గాలిలో తేమ ఎంతో రాసిపెట్టుకో. మే నెలలో తీసిన నా రీడింగులు, జులై వానల్లో తీసినవి చూస్తే ఒకే శాంపిల్ అని ఎవరూ నమ్మరు. నీటి ఆవిరి కూడా ఆ ఉపరితలం మీదే సీటు కోసం పోటీ పడుతుంది. 450 నీలం ఎల్ఈడీతో కూడా ఒకసారి కొలువు. నీలానికి కూడా బాగా స్పందిస్తే స్ఫటికంలో లోపాలు ఎక్కువున్నట్టు.

దిగడం త్వరగా కావాలంటే, కొంచెం వేడి చేస్తే ఆక్సిజన్ పని చురుగ్గా సాగుతుంది. అది ల్యాబ్‌లో కుదిరే చిట్కా, జేబులో పెట్టుకునే సెన్సర్లో కుదరదు. అసలు మందు జంక్షన్ పెట్టడం, అంటే ఎలక్ట్రాన్లు కరెంటు మోసే పదార్థాన్ని, హోల్స్ మోసే పీ-రకం పదార్థాన్ని అతికించడం. జింక్ ఆక్సైడ్‌ని పీ-రకంగా మార్చడం మహా మొండి పని, కాబట్టి నికెల్ ఆక్సైడ్ లాంటి పీ-రకం పొరని దాని మీద వెయ్యాలి. ఆ సరిహద్దులోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్‌ని ఒకవైపు, హోల్‌ని ఇంకోవైపు లాగేస్తుంది. బ్యాటరీ లేకుండా కూడా నడుస్తుంది, దిగడం కూడా త్వరగా అవుతుంది. గెయిన్ మాత్రం పోతుంది. పోనీ. నేను చివరికి ఆ దారే పట్టాను. మూడు వందల రెట్లు కాస్తా నలభై అయింది, థీసిస్ మాత్రం పాసైంది.

నీలాంటి పిల్లలు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ మరుపు రాని గుణాన్ని జబ్బుగా కాకుండా వరంగా చూసేవాళ్ళు కూడా ఇప్పుడున్నారు. వెలుగు పడిన సంగతిని కాసేపు గుర్తుపెట్టుకునే పదార్థంతో, మెదడులో నాడీకణాల మధ్య ఉండే సైనాప్స్‌ని అనుకరించే పరికరాలు చేస్తున్నారు. ప్రాజెక్టు చివర ‘ముందు చెయ్యదగిన పని’ అని ఒక పేరా రాయాలిగా, ఇది రాయి.

ప్ర: అమ్మా, నేను రిటైర్డ్ పోస్టుమాస్టర్‌ని. 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్1 ఎగరడం మా మిద్దె మీదినుంచి చూశాను. అందులో యూవీ టెలిస్కోప్ ఉందని పేపర్లో చదివాను. అది నువ్వు చెప్పే నానో సెన్సర్లతోనే చేశారా?
నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జ: అదృష్టవంతులు బాబాయిగారూ, నేను టీవీలోనే చూశాను. ఆ టెలిస్కోప్ పేరు సూట్. పుణెలోని అయుకా అనే ఖగోళ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో తయారైంది. 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య, 11 ఫిల్టర్లతో సూర్యుణ్ణి ఫోటోలు తీస్తుంది. కానీ అందులో ఉన్నది నానోతీగలు కావు, మన పాత సిలికానే, సీసీడీ అనే కెమెరా చిప్పు రూపంలో.

ఎందుకని అడిగితే, నేను వరంగల్ అమ్మాయికి రాసింది మీరు చదివుంటే జవాబు మీకే తడుతుంది. జింక్ ఆక్సైడ్ తీగ మామూలు స్థితికి రావాలంటే ఆక్సిజన్ కావాలి. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో ఆక్సిజన్ ఎక్కడిది? ఒకసారి ఎండ తగిలితే ఇక అది దిగదు. ల్యాబ్‌లో శాంపిల్‌ని వాక్యూమ్‌లో పెడితే ఇదే కనిపిస్తుంది. సిలికాన్‌కి కూడా యూవీతో కష్టాలున్నాయి. యూవీ దాని పైపైన కొద్ది నానోమీటర్లలోనే ఆగిపోతుంది, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లు అక్కడే నాశనమవుతాయి. అయినా ఆ కష్టాలన్నీ ఏళ్ళ తరబడి తెలిసినవి, వాటికి మందులూ తెలుసు. బాగుచేయడానికి ఎవరూ వెళ్ళలేని చోటికి పంపేటప్పుడు తెలిసిన కష్టమే నయం.

ప్ర: అక్కా, ఇక్కడ డల్లాస్‌లో ఎండాకాలం ఫోన్ చూస్తే యూవీ ఇండెక్స్ 10 అని చూపిస్తుంది. పిల్లని పార్కుకి తీసుకెళ్ళాలంటే భయం. ఫోన్‌లో యూవీ సెన్సర్ ఉంటుందా?
ఒక తల్లి, డల్లాస్

జ: నీ ఫోన్ కొలిచి చెప్పడం లేదమ్మా. సూర్యుడి ఎత్తు, ఓజోన్, మబ్బులు చూసి వాతావరణ సంస్థలు కట్టిన లెక్కని చూపిస్తోంది. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 4లో నిజంగానే యూవీ సెన్సర్ పెట్టారు. ఆ అలవాటు నిలబడలేదు. సెన్సర్‌ని సూర్యుడి వైపు ఎలా తిప్పావన్నదాన్ని బట్టి అంకె మారిపోతే దాన్ని ఎవరు నమ్ముతారు? పార్కుకి వెళ్ళు, మధ్యాహ్నం కాకుండా సాయంత్రం వెళ్ళు. ఇండెక్స్ 3కి చేరినా, దాటినా టోపీ, క్రీము.

ఆ క్రీము డబ్బా మీద ఏముందో చూడు. చాలావాటిలో జింక్ ఆక్సైడే. మన చిన్నప్పుడు చెమటకాయలకి అమ్మ పూసిన గులాబీ రంగు కాలమైన్ లోషన్‌లో ఉన్నదీ అదే. చర్మం మీద రాస్తే అది మింగిన యూవీ వేడిగా పోతుంది. రెండు తీగలు తగిలిస్తే సెన్సర్ అవుతుంది.

ప్ర: మేడమ్, ఆటోనగర్‌లో నాకు వెల్డింగ్ షాపుంది. కుర్రాళ్ళు ట్యాక్, అంటే ముక్కలు కదలకుండా చిన్న అతుకు, పెట్టేటప్పుడు మాస్కు ఎత్తేస్తారు. ఎన్నిసార్లు తిట్టినా అంతే. రాత్రికి కళ్ళు ఇసుక పోసినట్టు మండి నిద్రపోరు, మర్నాడు పనికి రారు. మాస్కు ఎత్తినప్పుడు యూవీ తగిలితే బజర్ మోగే చిన్న సెన్సర్ చవగ్గా ఏమైనా ఉందా?
ఒక షాపు యజమాని, విజయవాడ

జ: ఉంది. గాలియం నైట్రైడ్ చిప్పు పెట్టిన చిన్న యూవీ మాడ్యూళ్ళు ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో కొన్ని వందల రూపాయలకి దొరుకుతాయి. నీలం ఎల్ఈడీ తయారయ్యేదీ ఆ పదార్థంతోనే, దానికే 2014లో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. దాని గడప 3.4, కాబట్టి షాపులో లైట్ల వెలుగుకి మోగదు. ఇక్కడ మాత్రం నా ముద్దుల నానోకడ్డీల్ని వాడొద్దనే చెబుతాను. ట్యాక్ అంటే సెకనో, అరసెకనో. ఒక ట్యాక్ తాలూకు కరెంటు దిగేలోగా మీవాళ్ళు ఇంకో నాలుగు పెట్టేస్తారు. బజర్ ఆగకుండా మోగుతూ ఉంటే మూడో రోజు వాళ్ళే వైరు పీకేస్తారు.

కానీ బజర్ మోగిందంటే వెలుగు అప్పటికే కంట్లో పడిందని కదా? కంటికి ఎనిమిది గంటల పనిదినంలో తగలదగిన యూవీ మోతాదు, కంటికి ఎక్కువ హాని చేసే 270 నానోమీటర్ల దగ్గర, చదరపు మీటరుకి 30 జౌళ్ళు మాత్రమే. దగ్గర్లో నిలబడితే ఆర్క్ ఆ కోటాని సెకన్లలో ఇచ్చేస్తుంది. అరసెకను ట్యాకులు రోజుకి యాభై పెడితే మీరే లెక్కేసుకోండి. మీ కుర్రాళ్ళు మాస్కు ఎందుకు ఎత్తుతున్నారు? దించితే గుడ్డి చీకటి, రాడ్డు ఎక్కడ ఆనించాలో కనపడదు. తప్పు వాళ్ళది కాదు, మాస్కుది. ఆటో డార్కెనింగ్ మాస్కులు కొనండి. ఆర్క్ పుట్టగానే వెయ్యో వంతు సెకను కూడా పట్టకుండా వాటి అద్దం నల్లబడుతుంది. అసలు విషయం చాలామందికి తెలియదు: సరైన రకం అయితే, అద్దం తెల్లగా ఉన్నప్పుడు కూడా దానిలోని ఫిల్టర్ యూవీని ఆపుతూనే ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా ఆపుతుంది. కాబట్టి ఎత్తాల్సిన పనే ఉండదు.

కళ్ళు మండిన రాత్రి చనుబాల చుక్కలు, బంగాళదుంప చక్రాలు పెట్టించడం మానండి. కంటి డాక్టరు దగ్గరికి పంపండి. ఇంకొకటి, పక్కన నిలబడి ముక్కలు పట్టుకునే హెల్పర్ కుర్రాడి సంగతి మీ ఉత్తరంలో లేదు. వాడికి మాస్కు ఉందా?